ముడతలవ్వను సాకిన ఆగయ్య

గోదావరిఖనిలో ఆ రోజుల్లో "ఆగయ్యా" అని పిలిస్తే కనీసం నలుగురు వెనక్కి తిరిగేవారు. అందుకని జనం తలా ఒక గుర్తు తగిలించారు. పంపుల దగ్గర పనిచేసేవాడు పొడుగు ఆగయ్య. భజనలో తాళం తప్పేవాడు భజన ఆగయ్య. మనవాడు కుక్క ఆగయ్య. కాలనీకి కొత్తగా వచ్చినవాళ్లు అది తిట్టేమో అనుకుని అతని ముందు ఆ మాట అనడానికి జంకేవారు. అతను మాత్రం వీధి చివరి నుంచే పలికేవాడు. ఇంటి గుర్తులు అడిగిన చుట్టాలకు కూడా ఆ పేరే చెప్పి పంపేవాడు. పేరులో సగం తండ్రి పెట్టింది, మిగతా సగం తాను సంపాదించుకున్నది అని అతని వాదన.

అతనిది గోదావరి ఒడ్డున ఒక చిన్న ఊరు. ఉన్నది మూడెకరాల చెలక. వాన పడితే జొన్నలు, పడకపోతే పస్తులు. 1962లో కొత్త గనుల్లోకి మనుషుల్ని తీసుకుంటున్నారని విని, పెళ్లయి ఏడాదైనా నిండని మల్లక్కను తల్లి దగ్గర వదిలి వచ్చి, తట్టా, చెమ్మసు అనే పారా పట్టి బొగ్గు నింపే పనిలో చేరాడు. మొదటి రోజు గని లోపలికి దిగుతూ గోడ పట్టుకుని నడిచాడు. అప్పుడు పక్కన నడిచినవాడు నర్సింగం. వయసులో పదేళ్లు పెద్ద. పైకప్పును కర్రతో తట్టి, గట్టి చప్పుడుకూ బోలు చప్పుడుకూ తేడా ఎలా పట్టాలో నేర్పింది అతనే. ఆగయ్య అతన్ని నోరారా అన్నా అని పిలిచేవాడు. సొంత అన్నకు కూడా అంత మర్యాద చెయ్యలేదని తల్లి దెప్పేది.

1966లో ఒక పొద్దుటి షిఫ్టులో పైకప్పు కూలింది. నర్సింగం అరుపు విని ఆగయ్య గెంతాడు గాని, ఎడమ పాదం బండ కింద ఉండిపోయింది. మిగతావాళ్లు వెనక్కి పరుగెత్తారు. వాళ్లను తప్పు పట్టలేం, ఒక బండ పడ్డచోట రెండోది పడుతుందని గనిలో అందరికీ తెలుసు. నర్సింగానికి ఇంకా బాగా తెలుసు. అయినా ముందుకు వచ్చి, గడ్డపారతో బండను లేపి, ఆగయ్యను భుజాన వేసుకుని వెలుతురులోకి తెచ్చాడు. తర్వాత ఎవరైనా ఆ సంగతి ఎత్తితే, వాడేమంత బరువు లేడని చెప్పి మాట మార్చేవాడు.

దవాఖానలో నాలుగు నెలలు గడిచాక పాదం అతికింది గాని నడక వంకరపోయింది. లోపలి పని వద్దని డాక్టరు రాశాడు. పైన తేలికపాటి పని ఇవ్వాలి. ఆఫీసులో కుర్చీలు తుడిచే పనికి అప్పటికే ముగ్గురున్నారు. అందుకని ఆగయ్యను మేనేజరు బంగళాకు పంపారు. అతను తోటపని అనుకుని వెళ్లాడు. వరండాలో ఒక గంప, గంపలో ఒక కుక్కపిల్ల ఉన్నాయి.

మేనేజరు మజుందార్ సాబ్ బెంగాలీ. పెళ్లీ పెటాకులూ లేనివాడు. అసన్‌సోల్ వైపు గనుల నుంచి వస్తూ, తేయాకు తోటల్లో ఉన్న స్నేహితుడి దగ్గర ఈ పిల్లను అడిగి తెచ్చుకున్నాడు. బ్లడ్‌హౌండ్ అన్నాడు. ఆ ఇంగ్లీషు మాటకు ఆఫీసు గుమాస్తా ఎవరో నెత్తురుకుక్క అని అర్థం చెప్పడంతో, అది మనుషుల రక్తం తాగుతుందని రెండు రోజుల్లో కాలనీ అంతా పాకిపోయింది. పిల్లల తల్లులు బంగళా వీధి మానేసి చుట్టు తిరిగి బజారుకు పోయారు. ఆగయ్య కూడా మొదటి రోజు కర్ర చేతపట్టుకునే గంప దగ్గరకు పోయాడు. ఆ పిల్ల తన చెవినే తాను తొక్కుకుని ముందుకు పడి, లేచి, అతని కర్రను నాకింది. ఆగయ్య తన భయానికి తానే సిగ్గుపడ్డాడు.

దాని వాలకమే అంత. నుదుటి నుంచి తోలు మడతలు మడతలుగా కళ్ల మీదికి జారుతుంది. మెడ కింద ఇంకో కుక్కకు సరిపడా చర్మం వేలాడుతుంది. చెవులు నేలకు తగులుతాయి. కింది రెప్పలు వాలి, లోపలి ఎరుపు కనిపిస్తూ, ఎప్పుడూ ఇప్పుడే ఏడ్చి ఊరుకున్నట్టు ఉంటుంది. సాబ్ మోలీ అని పేరు పెట్టాడు. అప్పటికి కాలనీకి కాపురానికి వచ్చిన మల్లక్క ఒక్కసారి చూసి, అచ్చం మా నానమ్మ లాగుంది, ముడతలవ్వ అంది. ఆ పేరే ఖాయమైంది. ఏడాది తిరిగేసరికి ముడతలవ్వ నలభై ఐదు కిలోలు తూగింది. అదే ఆగయ్యను ఈడ్చుకుపోతుంటే, కుక్క తోక పట్టుకుని గోదారి ఈదుతున్నాడని కాలనీ నవ్వింది.

దాన్ని సాకడం మాత్రం నవ్వులాట కాదు. సాబ్ మొదటి నెల దగ్గరుండి నేర్పాడు. గిన్నెలో మూతి పెడితే చెవులు కూడా అంబలిలో మునుగుతాయి, ఆ తడి లోపలే ఉండిపోతే చీము పట్టి కంపు కొడుతుంది. అందుకని తినేముందు చెవులు రెండూ తలమీదికి మడిచి కట్టాలి. మల్లక్క తన పాత చీర అంచుతో ఒక సంచీ లాంటిది కుట్టి ఇచ్చింది. అది తగిలించుకుని జొన్న గటక అనే సంకటీ, మాంసం తునకలూ తింటుంటే నిజంగానే తలగుడ్డ కట్టుకున్న ముసలమ్మలాగే ఉండేది. తిన్నాక మూతి మడతలన్నీ పొడిబట్టతో తుడవాలి. రెండు రోజులకోసారి చెవి లోపల చూడాలి. బొగ్గుదుమ్ము ఆ వాలిన రెప్పల్లో చేరి కళ్లు పుసి కడతాయి గనుక కాచి చల్లార్చిన నీళ్లతో పొద్దునా సాయంత్రం కడగాలి. గోదావరిఖనిలో మనుషుల కళ్లు ఎవరు కడిగారు గాని, ముడతలవ్వ కళ్లు మాత్రం రోజూ తళతళలాడేవి.

తిండి ఒక్కసారే కడుపునిండా పెట్టకూడదు. మూడు పూటలుగా పంచాలి. తిన్న రెండు గంటల దాకా పరుగులు పెట్టించకూడదు. లోతైన ఛాతీ ఉన్న జాతి అది, కడుపు ఉబ్బి మెలిపడితే గంటల్లో పోతుంది. ఇవన్నీ ఒక ఎత్తు, చొంగ ఒక ఎత్తు. అది తల విదిలిస్తే చొంగ గోడ మీది క్యాలెండరు దాకా పోయేది. ఆగయ్య భుజాన ఎప్పుడూ ఒక గుడ్డ ఉండేది. ఇంటికి వస్తే అదే వాసన. తాను చెవి పోటుతో రెండు రోజులు మూలిగితే తిరిగి చూడని మొగుడు కుక్క చెవుల్లో దూది పెడుతున్నాడని మల్లక్క వీధంతా వినేలా చెప్పుకుంది. మర్నాడు ఆగయ్య ఆమెకు కూడా నూనె కాచి చెవిలో వేశాడు. ఆమె నవ్వు ఆపుకోలేక సగం నూనె చెంప మీదికి ఒలకబోసుకుంది.

అన్నిటికంటే గట్టిగా చెప్పిన నియమం ఎండది. ఆ ఒంటికీ ఆ తోలుకూ మన ఎండలు పడవు. ఎండాకాలం పొద్దున ఎనిమిది దాటాక దాన్ని గడప దాటించవద్దని సాబ్ వేలు చూపించి మరీ చెప్పాడు. చొంగ కారుతున్నంతసేపు భయం లేదనీ, చొంగ ఆగి నాలుక ఎండిందంటే లోపల మంట మొదలైనట్టేననీ కూడా చెప్పాడు. ఆగయ్యకు చదువు రాదు గాని ఒకసారి విన్నది మరిచేవాడు కాదు.

కాలనీవాళ్లు కొన్నాళ్లకు భయం మాని నిరాశపడ్డారు. అంత కుక్క ఒక్కసారి కూడా ఎవరినీ కరవలేదు. కోళ్ల దొంగ వచ్చినా వాడి చెయ్యి నాకేదే గాని మొరిగేది కాదు. పెంటకుప్పల కుక్కలు తరిమితే ఆగయ్య కాళ్ల మధ్య దూరేది. దాని ప్రాణమంతా ముక్కులో ఉంది. సాబ్ ఆదివారాలు ఆగయ్య తువ్వాలు దానికి చూపించి, ఆగయ్యను ముందే పోయి ఎక్కడైనా దాక్కోమనేవాడు. గంట తర్వాత వదిలినా, పట్టాలు దాటి, బొగ్గు కుప్పలు చుట్టి, పొదలో కూర్చున్న ఆగయ్య ఒళ్లో వచ్చి పడేది. కనుక్కోగానే దాని పని అయిపోయినట్టే. ఒరుసుకుని నిలబడి, బరువంతా మనిషి మీద ఆనించేది. ఒకసారి షిఫ్టు మారే వేళ, నెత్తి నుంచి కాలిగోరు దాకా నల్లబడిన రెండు వందల మంది మధ్య ఆగయ్య నిలబడితే, ఎవరినీ పట్టించుకోకుండా నేరుగా అతని దగ్గరకే వచ్చింది. మనకు అందరిదీ ఒకే బొగ్గు వాసన. దానికి మాత్రం ఆ బొగ్గు కింద ఎవరి మనిషి వాసన వారిదే. ఆ రోజు ఆగయ్య కళ్లు తడిసాయి. కుంటివాడై, గుంపులో లెక్కకు రానివాడైన తనను వెతుక్కుంటూ వచ్చే ప్రాణి ఒకటుందని అతనికి ఎంతో గర్వంగా అనిపించింది.

ఆ జాతికి ఇంకో గుణం ఉంది, మొండితనం. ఒకసారి వాసన పట్టిందంటే ముళ్లు లేవు, ఆకలి లేదు, పిలుపు వినపడదు. మెడలోని పట్టెడ వదిలితే ఏ ఊరు దాకానైనా పోతుంది, అందుకే దాన్ని తాడు లేకుండా ఎప్పుడూ బయటికి తీసుకుపోకూడదు. తాను ఆగదు, ఆపవలసింది మనమే. ఆ మాట ఎంత బరువైనదో ఆగయ్యకు 1969 మే నెలలో తెలిసింది.

సాబ్ మీటింగుకని కొత్తగూడెం వెళ్లి రెండో రోజు. పొద్దున్నే నర్సింగం భార్య సారవ్వ బంగళా గేటు పట్టుకుని నిలబడింది. నర్సింగం నిన్న కళ్ల పరీక్షకని దవాఖానకు పోయాడట. మధ్యాహ్నం బయటికి వచ్చినట్టు కాంపౌండరు చూశాడు. ఆ తర్వాత ఎవరూ చూడలేదు. శుక్లాలు ముదిరి అతనికి చూపు సగమే ఆనుతోందనీ, ఇక లోపలి పనికి పనికిరాడని రాసేశారనీ సారవ్వకు ఆ కాంపౌండరు చెబితేనే తెలిసింది. రాత్రంతా, తెల్లారి కూడా ఆమె తమ్ముడు ఎల్లేశం పది మందిని వేసుకుని వెతికాడు. మే నెల ఎండలో సగం చూపు మనిషి నీళ్లు లేకుండా ఇంకొక్క రోజు బతకడు. 

అన్నను వెతకడానికి కుక్కను తెస్తానని ఆగయ్య చెప్పాడు. నర్సింగం ఒంటి మీది బట్ట ఒకటి కావాలన్నాడు. సారవ్వ పరుగున పోయి ఒక చొక్కా తెచ్చింది. తెల్లగా, మడత నలగకుండా, రెండు చేతుల మీద పెట్టి, దేవుడికి బట్టలు పెట్టినట్టు ఇచ్చింది. అప్పటికి ఇంకా ఏడున్నరే. ముడతలవ్వ చొక్కాలో మూతి దూర్చి, రెండు చుట్లు తిరిగి, తల దించి గబగబా నడిచింది. వెనక ఎల్లేశం, వాడి వెనక పాతిక మంది జనం. కాలనీ దాటలేదు. మూడు వీధులు తిరిగి, ఇస్త్రీ సదయ్య గుడిసె ముందు ఆగింది. బొగ్గుల పెట్టె ఊదుకుంటున్న సదయ్య మోకాళ్లకు ఆనుకుని, తోక ఊపుతూ నిలబడింది.

జనం గుడిసె చుట్టూ మూగారు. తర్వాత ఎవరో సదయ్య మెడమీది గుడ్డ పట్టుకున్నారు. నోరులేని జీవం అబద్ధమాడదు, చెప్పు నర్సింగాన్ని ఏం చేసినవని నిలదీశారు. సదయ్య బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి బతికే మనిషి, గట్టిగా మాట్లాడటం కూడా రానివాడు. ఏమీ తెలియదన్నట్టు చేతులు జోడించాడు. అది చూసి, తప్పు చేసినవాడి వాలకం ఇదేనని ఇంకొకరు తేల్చేశారు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచనవుతుందంటారు, మన జనంలో మంది ఎక్కువైతే బుద్ధే పలచనవుతుంది. అతని భార్య లోపలి నుంచి ఏడుస్తూ వచ్చి కాళ్లు పట్టుకోబోయింది.

ఆగయ్యకు ఏమీ అర్థం కాలేదు. కుక్క తప్పు చెయ్యదు. సదయ్య అలాంటివాడు కాడు. చేతిలో ఉన్న చొక్కా వైపు చూసుకున్నాడు. గంజి పెట్టిన కాలరు, చాకులా నిలబడ్డ చేతి మడతలు. మొన్ననే ఉతికి, సదయ్య తన చేతులతో గంటసేపు ఇస్త్రీ చేసిన చొక్కా అది. దాని మీద నర్సింగం ఒంటి వాసన ఎక్కడుంది? ఉన్నదంతా సదయ్య అరచేతి వాసన. ఆగయ్య జనం మధ్యలోకి పోయి, సదయ్య మెడమీది చెయ్యి విడదీశాడు.

"ఇది తప్పు జెయ్యలె. మనం ఎవ్వరి వాసన జూపిచ్చినమో వాన్నే పట్టింది. తప్పు మనది" అన్నాడు.

అందరూ సారవ్వ వైపు తిరిగారు. ఆమె తల వంచుకుంది. దొర బంగళాకు, దొర కుక్క ముందుకు మాసిన బట్ట ఎలా పంపుతుంది? ఉన్నవాటిలో మంచిది ఏరి తెచ్చింది. పేదవాళ్ల మర్యాద ఇలాంటిది, ఉన్నంతలో శుభ్రంగా కనిపించాలన్న తపన. దాన్ని తప్పనడానికి ఆగయ్యకు నోరు రాలేదు. మాసిన బట్టలేవైనా ఉన్నాయా అని అడిగాడు. లేవు. గని బట్టలు నిన్ననే కుళాయి దగ్గర నానబెట్టి బాదేసింది. మిగతావి సదయ్య మూటలోనే ఉన్నాయి, అవీ ఉతికినవే. చివరకు ఆమె గొణిగినట్టు ఒక మాట అంది. గొంగడి ఒకటుందట.

"దాన్ని ఎన్నడు ఉతుకలే, ఆగన్నా. పెండ్లి కానప్పటి సంది కప్పుకుంటుండు. ఆ కంపుది నలుగురి ముంగట ఎట్ల వెట్టాలె?"

ఆగయ్యకు ప్రాణం లేచి వచ్చింది. గొంగడిని మన దగ్గర ఎవరు ఉతుకుతారు? వానకు తడిసి ఎండకు ఆరడమే దాని స్నానం. ఇరవై ఏళ్ల చెమట, బీడీ పొగ, పొలం మట్టి, అన్న ఒళ్లంతా అందులోనే ఉంది. తెమ్మన్నాడు.

గొడవ సద్దుమణిగి అది వచ్చేసరికి తొమ్మిదయింది. నేల అప్పటికే కాలుతోంది. గడప దాటించవద్దన్న వేళ ఎప్పుడో దాటిపోయింది. ఆగయ్య గొంగడి చేత్తో పట్టుకుని నిలబడిపోయాడు. అడగడానికి సాబ్ లేడు. తీసుకుపోతే ఇది పోతుందేమో, పోతే తనకు ఈ పనీ ఉండదు, సాబ్ మొహం చూసే దారీ ఉండదు. తీసుకుపోకపోతే అన్న పోతాడు. అప్పుడు మల్లక్క తడిపిన చీర ఒకటి తెచ్చి ముడతలవ్వ వీపు మీద పరిచి, పొట్ట కింద ముడి వేసింది. ఇంకో గుడ్డ చింపి నాలుగు పాదాలకు కట్టింది.

"నువ్వు నిలవడి ఆలోచన జేస్తే తాడు నాకియ్యి, నేను తోల్కపోత" అంది.

దవాఖాన గేటు దగ్గర గొంగడి చూపించారు. ముడతలవ్వ ఈసారి చాలాసేపు వాసన చూసింది. గేటు ముందు నుంచి ఎన్ని వందల కాళ్లు నడిచాయో, అన్నిటిలోంచి ఒకదాన్ని ఏరుకుని తాడు గుంజింది. దాని వెనక ఆగయ్య, ఎల్లేశం, మూడో మనిషి సదయ్య. గంట కింద మెడపట్టిన జనాన్ని వదిలి అతనూ వెంట నడిచాడు. ఎల్లేశం భుజాన ఒక సత్తు బిందె, అందులో నర్సింగం కోసం నీళ్లు.

పట్టాలు దాటి, ఇసుక కుప్పలు దాటి, తుమ్మలూ రేగుపొదలూ ఉన్న మెరకలోకి దారి తీసింది. వాసన ఎండలో నిలవదు, గడ్డి మొదళ్లలో, పొదల నీడలో దాక్కుంటుంది. అది ఒక నీడ నుంచి ఇంకో నీడకు ముక్కుతో తడుముకుంటూ పోయింది. మైలు నడిచాక ఎల్లేశం ఆగిపోయాడు. ఇటే బావ పాత చెలక ఉండేది, గనులకు పోయిన భూమి, పొద్దున్నే వచ్చి నాలుగు మూలలా కేకవేసి చూశాం, లేడు అన్నాడు. వెనక్కి తిరిగి స్టేషను వైపు పోదామన్నాడు. ఆగయ్య ముడతలవ్వ వైపు చూశాడు. అది తాడు తెగేలా ముందుకే గుంజుతోంది. నాలుక మూరెడు బయటికి వచ్చింది. వీపు మీది చీర అప్పుడే ఎండిపోయింది. చొంగ సన్నబడింది.

అక్కడ ఆపాలి. అది ఆగదు, తాను ఆపాలి. ఒక తుమ్మ నీడన కట్టేస్తే బతుకుతుంది. ఆగయ్య జీవితంలో అంత కష్టమైన అడుగు ఇంకోటి వెయ్యలేదు. తాడు వదులు చేసి, దాని వెనకే నడిచాడు. బిందె లోంచి రెండు దోసిళ్లు దాని నోట్లో పోశాడు. బావకు ఉంచమని ఎల్లేశం అన్నాడు. ఆగయ్య బిందె మూత పెట్టాడు.

ఇంకో అరమైలు. మధ్యలో ఒకచోట కూలబడి మళ్లీ లేచింది. చొంగ పూర్తిగా ఆగిపోయింది. ఆ తర్వాత ఒక రేగుపొదల గుంపులోకి తల దూర్చి, ముందుకాళ్లు చాపి, గొంతెత్తి ఒక్కసారి అరిచింది. గని కూత లాంటి లోతైన అరుపు. ఆ అరుపుతోనే పక్కకు ఒరిగిపోయింది. ఎల్లేశం పొదలు విరిచి చూస్తే, కింద పాడుబడ్డ మోటబావి. నీళ్లు లేక, సగం పూడిపోయి ఏళ్లయింది. ఇరవై ఏళ్ల కింద నర్సింగం స్వయంగా తవ్వుకున్నది. ఇక గని పనికి పనికిరాకపోతే ఆ భూమి మళ్లీ దున్నడానికి పనికొస్తుందేమో చూద్దామని వచ్చాడు. తన బావి తనకే కనపడలేదు. అడుగున రాళ్ల మధ్య, కాలు విరిగి, గోడకు ఆనుకుని పడున్నాడు. పొద్దున వీళ్లు వేసిన కేకలు విన్నాడు, బదులివ్వడానికి గొంతులో తడి లేదు.

బతికే ఉన్నాడు. ఎల్లేశం తాళ్లకూ మంచానికీ మనుషులకూ కాలనీ వైపు పరుగు తీశాడు. సదయ్య బిందెకు కుక్క తాడు కట్టి, దానికి తన తలగుడ్డ ముడివేసి ఒక కొస ఆగయ్య చేతికిచ్చి, రాతి సందుల్లో కాళ్లు పెడుతూ దిగాడు. ఆగయ్య వంకర పాదంతో దిగలేడు. బిందె దించి, బావి అంచుకూ కుక్కకూ నడుమ కూర్చున్నాడు. ముడతలవ్వ పక్కటెముకలు ఎగిరెగిరి పడుతున్నాయి. కళ్లు తెరిచే ఉన్నాయి గాని అతన్ని చూడటం లేదు. నాలుక మీద చెయ్యి పెడితే ఎండిన తోలులా ఉంది. తన చొక్కా విప్పి గాలి విసిరాడు, నీడ పట్టాడు, ఒక్క చుక్క నీరు లేదు. కింద అన్న గుటకలు వేస్తున్న చప్పుడు వినబడింది. ఎంత సంతోషంగా ఉందో, అంత పాపం చేసినట్టూ ఉంది. మనిషి కోసం తెచ్చిన నీళ్లు అడిగే హక్కు తనకు లేదు. అడగలేదు. దాని తల ఒళ్లో పెట్టుకుని ఏడ్చాడు. బండ కింద కాలు నలిగిన రోజు కూడా అలా ఏడవలేదు.

కింద నర్సింగం, సదయ్య ఏదో మాట్లాడుకున్నారు. మాటలు సరిగ్గా వినపడలేదు. తర్వాత సదయ్య పైకి కేక వేసి గుంజమన్నాడు. ఖాళీ బిందె అనుకుని ఆగయ్య ఒక్క చేత్తో గుంజాడు. లేవలేదు. రెండు చేతులా పట్టి పైకి తెచ్చాడు. లోపల నీళ్లు కదిలాయి. దించినదానిలో సగానికి పైనే ఉన్నాయి. పగలూ రాత్రీ బావిలో నాలుక పిడచగట్టి పడున్న మనిషి, నాలుగు గుటకలు తాగి బిందె వెనక్కి పంపాడు. అన్న గొంతు, గొంతు కాదు, గరగర, కింది నుంచి వచ్చింది.

"నేను నీడకే ఉన్న, ఆగా. దానికి పొయ్యి."

ఆగయ్య పోశాడు. పొట్ట మీద, చంకల్లో, చెవుల వెనక, పాదాల మీద. నాలుక తడిపాడు, కొంచెం ఆగి మళ్లీ తడిపాడు. చాలాసేపటికి దాని గొంతు కదిలింది. ఇంకా చాలాసేపటికి, మనుషులు మంచం మోసుకుని వచ్చే వేళకు, మూతి చివర సన్నగా ఒక చొంగ తీగ వేలాడింది. ఇన్నేళ్లూ తుడిచి తుడిచి విసిగిన ఆ చొంగను ఆగయ్య ఈసారి తుడవలేదు.

సాబ్ తిరిగి వచ్చాక ఆగయ్య జరిగిందంతా దాచకుండా చెప్పాడు. సాబ్ దాని కాలిన పాదాలు చూశాడు, తన చేత్తో మందు రాశాడు, ఆగయ్యను పనిలోనే ఉంచాడు. మర్నాడు నర్సింగాన్ని చూడటానికి దవాఖానకు పోయాడు. నర్సింగం కాలు అతుక్కుంది, శుక్లాలు తీయించుకున్నాడు, మళ్లీ గనిలోకి మాత్రం దిగలేదు. ముడతలవ్వ 1973 దాకా బతికింది. ఆ జాతికి ఏడెనిమిదేళ్లే పెద్ద ఆయుష్షట.

ఆ తర్వాత బంగళాలో ఎన్ని కుక్కలు వచ్చినా ఆగయ్య పేరు ముడతలవ్వతోనే ముడిపడి ఉండిపోయింది. ఎవరైనా అడిగితే చెప్పేవాడు గాని, కుక్క ఎంత దూరం నడిచిందో, ఎంత ఎండ కాసిందో అంతగా చెప్పేవాడు కాదు. దగ్గర్లో ఏ చెంబు ఉంటే ఆ చెంబు అందుకుని, సగానికి కొంచెం పైన వేలు పెట్టి చూపించేవాడు. "గీడి దాక ఉన్నయి నీళ్లు" అనేవాడు.  వేలు అక్కడే ఉంచేవాడు.